నేల మెత్తబడేదాకా

ఏమండీ,

ఎలా ఉన్నారని అడగబోయి ఆగాను. అలవాటు పోదు కదా... మీరు వెళ్ళిపోయి ఐదో నెల నడుస్తోంది. జనవరిలో వెళ్ళారు, ఇప్పుడు పెరట్లో గడ్డి పచ్చబడింది. నేను బాగానే ఉన్నాను. బాగానే అంటే, తింటున్నాను, నర్సింగ్ హోంలో డ్యూటీకి వెళ్తున్నాను. నిద్ర సంగతి మాత్రం అడక్కండి.

కెనడా మూలనున్న ఈ ఊళ్ళో నా తెలుగు వినేవారు మీరొక్కరే. ఇప్పుడు కూరలో ఉప్పెక్కువైందని కుక్కర్‌కి చెప్పుకుంటున్నాను. మిస్సిసాగాలో ఉన్న సునీతకి ఫోన్ చేస్తే నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. కూతురే, ప్రేమగానే మాట్లాడుతుంది. అయినా ఫోన్ పెట్టేశాక ఇంకేదో మిగిలిపోయినట్టే ఉంటుంది.

అసలు మనమూ మిస్సిసాగాలోనే ఉండగా, మీకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి ఏం చెప్పారు? "కౌంటీ సీటు సువార్తా, అంటే జిల్లా కేంద్రం!" అన్నారు. నేను గుంటూరు లాంటిదేదో ఊహించుకున్నాను. కలెక్టరాఫీసు, బస్టాండు, వీధి వీధికీ బట్టల కొట్లు... తీరా వచ్చి చూస్తే కొండల మధ్య ఒక కోర్టు, ఒక ఆస్పత్రి, ఒక పోస్టాఫీసు, రెండు చర్చిలు, ఒక పెట్రోల్ బంకు. పిజ్జా కూడా ఆ బంకులోనే. మా చీరాల చూస్తే పడీపడీ నవ్వేది. కరివేపాకు కావాలంటే హాలిఫాక్స్ దాకా డ్రైవ్ చేయాలి. నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, మీరేమో రోడ్ల ఇంజినీరుగారై ప్రతి కొండ మలుపునీ ఇంటి మనిషిలా చూసుకున్నారు.

సరే, అసలు సంగతి చెప్పాలి. మిమ్మల్ని వెంటనే మట్టి చేయలేకపోయాం.

చలికాలంలో ఇక్కడ నేల రాయిలా గడ్డకడుతుందనీ, గొయ్యి తవ్వరనీ మీకు తెలిసే ఉంటుంది. నాకే తెలియదు. కొండ మీద సమాధుల తోటలో చిన్న రాతి గది ఉందట, వసంతం వచ్చేదాకా పెట్టెని అందులో ఉంచుతారట. ప్రార్థన అయిపోగానే గుప్పెడు మట్టి వేద్దామని చేతికున్న గ్లవ్ తీసి నిలబడ్డాను... మట్టి ఏదీ? అందరూ తలలు దించుకుని కార్ల వైపు నడుస్తున్నారు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

బాపట్ల నుంచి మీ అక్క, వదినగారు, ఫోన్ చేసినప్పుడల్లా, తమ్ముణ్ణి ఇంకా మట్టి చేయలేదా అని ఒకటే ఏడుపు. ఆవిడకి ఏమని చెప్పను? ఆదరణ కూడిక జూమ్‌లో జరిగింది. మిస్సిసాగా నుంచి పాస్టరుగారు ప్రార్థన చేశారు, మనవాళ్ళంతా చిన్న చిన్న డబ్బాల్లో కనిపించి ఏడ్చారు, పాడారు. తర్వాత ఒక్కొక్కరే మాయమయ్యారు. చివరికి నా ముఖం ఒక్కటే మిగిలింది.

అప్పుడే సునీత అంది, ఎలాగూ వసంతం దాకా టైముంది కాబట్టి నాన్నని మిస్సిసాగాకే తెచ్చేద్దామని. అక్కడ మన తెలుగు సంఘం ఉంది, మనవాళ్ళ సమాధులున్నాయి, నవంబరులో సమాధుల పండగకి కొవ్వొత్తులు వెలిగించడానికి నలుగురుంటారు. నేను కూడా ఇల్లు అమ్మేసి వచ్చేయాలట. దాని మాటలో తప్పేముంది? సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది నాకు. మళ్ళీ తెలుగు మాట్లాడే మనుషుల మధ్యకి...

ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది. మర్నాడు పొద్దున్నే మిమ్మల్ని చూడాలనిపించింది. కొండ రోడ్డు మోకాలి లోతు మూసుకుపోయి ఉంటుందనుకుని మీ పెద్ద బూట్లే తొడుక్కుని వెళ్ళాను. తీరా చూస్తే రోడ్డు శుభ్రంగా ఉంది! రాతి గది తలుపు దాకా పారతో తీసిన దారి కూడా ఉంది. ఎవరా అని మీ ఆఫీసులో అడిగితే తెలిసింది. మీ కింద స్నో ప్లౌ, అదే మంచు తోసే బండి, నడిపే డంకన్. మంచు పడినప్పుడల్లా షిఫ్టు మొదలవకముందే వచ్చి తీసి వెళ్తున్నాడట. ఎవరూ చెప్పలేదు అతనికి.

మీరుంటే ఊరుకునేవారా? "ముందు ఆస్పత్రి రోడ్డు, తర్వాత బడి రోడ్డు. సమాధుల తోటకేం తొందర, అక్కడెవరికీ డ్యూటీకి లేటవదు" అనేవారు కదా. ఆ మాటే డంకన్‌తో అంటే నవ్వాడు, తర్వాత అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మీమీద కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళకి ఇంతగా కావలసినవారై ఉండి ఇంట్లో ఒక్కనాడైనా చెప్పారా?

ఆ రోజే ఇంకో ఘనకార్యం చేశాను. తిరిగి వస్తుంటే ఒక రాయి మీద పోస్టాఫీసు హెలెన్ ఆంటీ పేరు కనిపించింది, వాళ్ళాయన పేరు పక్కన. అయ్యో, ఎప్పుడు పోయింది, నాకెవరూ చెప్పలేదేమని దారంతా ఏడ్చుకుంటూ పోస్టాఫీసుకి పరిగెత్తాను. లోపల ఆవిడే కూర్చుని స్టాంపులు అమ్ముతోంది! ఇక్కడ అంతేనట. ఒకరు పోతే రెండోవారి పేరు కూడా అప్పుడే చెక్కించేస్తారు, చనిపోయే సంవత్సరం ఒక్కటే ఖాళీగా ఉంచుతారు. బతికుండగానే సమాధి మీద పేరా! మా అమ్మ వింటే ఆ నోరు కడుక్కోమనేది. హెలెన్ ఆంటీ మాత్రం నన్ను కావలించుకుని, తన కోసం అంత ఏడ్చినందుకు టీ పెట్టిచ్చింది.

ఆ తర్వాత సునీత ఇల్లు అమ్మే మాట ఎత్తినప్పుడల్లా మాట మార్చేసేదాన్ని. మిస్సిసాగాలో తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉంటారు. కానీ మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరు? ఇక్కడ ఏ కారు ఏ మలుపు తిరిగినా మీ గురించి ఒక మాట అనుకుంటారు. ఇక్కణ్ణుంచి మిమ్మల్ని తీసుకుపోతే, ఆ మాటలు నా చెవిన ఎప్పటికీ పడవు. ఏప్రిల్‌లో సునీతకి చెప్పేశాను, నాన్న ఇక్కడే, నేనూ ఇక్కడేనని. చాలా ఏడ్చింది. రెండు వారాలు సరిగా మాట్లాడలేదు. నేను తప్పు చేశానా? మీరైతే ఏం చేసేవారు?

నేల మెత్తబడింది, పోయిన శనివారం మిమ్మల్ని మట్టి చేశాం. సునీత, అల్లుడు, పిల్లలు వచ్చారు. డంకన్, హెలెన్ ఆంటీ, మీ ఆఫీసువాళ్ళు, ఊళ్ళో సగంమంది. మన సంఘంలో సమాధి దగ్గర పాడే పాట నేనొక్కదాన్నే పాడాను, రెండో చరణంలో ఆగిపోతే సునీత అందుకుంది... తెలుగులో. దానికి ఆ పాట మాటలన్నీ వచ్చని నాకిప్పటిదాకా తెలియదు. మట్టి వేశాను. చల్లగా ఉంది, చేతికి అంటుకుంది. వదినగారికి వీడియోలో చూపించాను, ఆవిడ మనసు కుదుటపడింది.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఇల్లు మళ్ళీ బావురుమంటోంది. ఈ ఊరు నాకింకా పూర్తిగా నచ్చలేదు, అబద్ధం ఎందుకు? సాయంత్రాలు భరించలేను. ఒక్కోసారి కారులో ఊరికే కోర్టు దాకా వెళ్ళి తిరిగొస్తాను, వెలుగుతున్న కిటికీలు చూడొచ్చని.

ఇవాళ రాయి నిలబెట్టారు. చెక్కేవాడు అడిగితే నా పేరు కూడా వేయమన్నాను. మీ పేరు, పక్కన నా పేరు, నేను పుట్టిన సంవత్సరం, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. చూస్తే భయమేస్తుందనుకున్నాను. వెయ్యలేదండీ. చీరాల బస్టాండులో మీరు ముందు పరిగెత్తి, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి నాకు సీటు ఆపేవారే... అలా అనిపించింది.

నాకింకా ఇక్కడ పనులున్నాయి. సునీతకి కోపం పూర్తిగా తగ్గాలి, పిల్లలకి ఆ పాట నేర్పాలి. నెమ్మదిగానే వస్తాను. అందాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వకండి.

మీ
సువార్త