ఫ్రిజ్‌లో దువ్వెన

అమ్మాయ్, నేను, మీ అత్తను, బాగున్నాను, నువ్వు ముచ్చటపడి కొన్న పాత ఇల్లు అంతకంటే బాగుంది.

గోడల్లో వేడి దిగకుండా దూదిలాంటిది దట్టించారు. కిటికీలకు జంట అద్దాలు బిగించారు. డాబా మీద సోలార్ పలకలు పెట్టారు. ఇల్లు వాడుకున్నంత కరెంటూ పలకలే ఇచ్చి లెక్క సున్నాకు రావాలన్నావు కదా. నీ మాట పోకూడదని ఫ్యాను వేయలేదు, ఫ్రిజ్ ఆపేశాను. పలకలు బిగించిన మెకానిక్ మీటరు చూసి మురిసిపోయి, చల్లటి నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు. అందులో నా దువ్వెన, మడతపెట్టిన చీరలు ఉన్నాయి.

"అమ్మగారూ, ఇలాగైతే గుడిసెకూ సున్నాయే వస్తుంది! ఇంటి నిండా మనుషులుండాలి, పిల్లలు లైట్లు ఆర్పకుండా పరిగెత్తాలి. అప్పుడొచ్చే సున్నాయే సున్నా" అన్నాడు.

చిన్నదానికి దగ్గు తగ్గిందా? మావాడు వేళకు తింటున్నాడా? నా శాలువా అక్కడే మరిచాను, తీసుకురా. పని అయ్యేదాకా కాపలా ఉంటానన్నది నేనే, కాదనను. పని అయిపోయింది. ఆ అద్దె గదులు ఖాళీ చేసి త్వరగా రండి. అడిగేది నేను కాదు, మెకానిక్.

నలుగురూ చల్లగా ఉండండి.

చోటు లేక అంచున రాస్తున్నాను. ఇల్లు ఎంత బిగుతుగా ఉందంటే మీరొచ్చి గేటు తీసినా చప్పుడు లోపలికి రాదు. అందుకని వీధి తలుపు బార్లా తెరిచే కూర్చుంటున్నాను. ఆ సంగతి మెకానిక్‌కు చెప్పకు.