శ్రావ్య నడుం మీది జుట్టు

అమ్మా,

నీకూ నాన్నకూ నమస్కారాలు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? తిరువూరులో వానలు పడ్డాయా? ఇక్కడ మేం బాగానే ఉన్నాం, బెంగపడొద్దు. ఆయన స్కూలు బస్సు నడుపుతున్నారు. నేను కర్రీ పాయింట్ పనికి సెలవు పెట్టి శ్రావ్య దగ్గరే ఉంటున్నాను. హైదరాబాదు వచ్చి ఇన్నాళ్లయినా పక్కింటివాళ్ల పేరు తెలియదు. అదీ ఒకందుకు మంచిదే, సలహాలు చెప్పేవాళ్లు లేరు.

ఫోన్లో మొదలుపెడితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను. ఆపరేషన్ బాగా జరిగిందని చెబితే, పిల్ల ఎలా ఉందని అడగాల్సింది పోయి, "నడుం మీద జుట్టు ఎందుకు గొరగనిచ్చావే? ఆంజనేయస్వామి ఇచ్చిన తోక అది!" అన్నావు చూడు, ఒళ్లు మండిపోయింది.

తోకా? పుట్టుకతోనే దాని వెన్నులో ఎముక ముక్క ఒకటి అడ్డం పెరిగి, వెన్నుపామును రెండుగా చీల్చి పట్టుకుంది. పిల్ల ఎదిగేకొద్దీ నరాలు లాగేస్తాయట. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు. అలా గుత్తిగా పెరిగే జుట్టే దానికి గుర్తట. బడిలో పడిపోయిందని తీసుకెళ్తే, ఇక్కడి డాక్టరమ్మ పిల్ల గౌను ఎత్తి చూసి, "ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదామ్మా?" అంది.

చూడనిదెవరు! మేం తిరువూరులో ఉన్నన్నాళ్లూ మంగళవారం వస్తే చాలు, వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచి, పిల్లను బోర్లా పడుకోబెట్టి ఆ జుట్టుకు సిందూరం పెట్టించావు. విస్సన్నపేట నుంచి కూడా వచ్చి దణ్ణం పెట్టుకుని పోయారు. కాలు ఈడుస్తోందని అక్కడ డాక్టరు దగ్గరకు వెళ్తే మాత్రం, "ఆడపిల్లండీ, గౌను ఎత్తకండి సార్, కాలు చూడండి చాలు" అన్నావు. ఆయనా మహానుభావుడు, కాలే చూసి టానిక్ రాసిచ్చాడు! పక్క తడపడమూ ఈ జబ్బు వల్లేనట, బద్ధకమని ఎన్ని మొట్టికాయలు తిందో పిచ్చిది!

జబ్బు ఇక ముదరదన్నారు. పోయిన బలం ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేమన్నారు. ముందే తీసుకొస్తే ఆ కాలు అంత సన్నబడేది కాదట. తలుచుకుంటే ఎవరి మీద అరవాలో తెలియడం లేదమ్మా.

పిల్లకు జ్వరమని బంధువులకు చెప్పావట. జ్వరం కాదు, వెన్నుకు ఆపరేషనని చెప్పు. దణ్ణాలు పెట్టినవాళ్లందరికీ చెప్పు. ఏ పిల్లకైనా అలాంటి గుర్తుంటే డాక్టరుకు చూపించమను. నీ పాత నూలు చీరలు రెండు పంపు, కుట్లకు మెత్తగా ఉంటాయి. నీ అల్లుడు మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమన్నారు. పిల్లను దీవించండి.

మొన్న ఫోను స్పీకర్లో ఉంది, నువ్వన్నదంతా శ్రావ్య వింది. పొద్దున అన్నం తినిపిస్తుంటే అడిగింది: "తోక తీసేశారుగా, అమ్మమ్మ ఇంక నన్ను ఎత్తుకోదా?"

అమ్మమ్మనే అడుగుతానన్నాను. నువ్వే చెప్పు.

నీ కూతురు,
సునీత