పాతగా సేసిన గిటారు

ఉమాశంకర్ బాబుకి,

మీ ఆదివారం పోగ్రాం అయిపోయాకే అందాలని ఈ ఉత్తరం సోమవారం పోస్టులో ఏస్తన్నాను.

కొత్త ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి, స్టేజీ మీద గొప్పగా ఉంటాది, యాభై ఏళ్లనాటి దానిలా సెయ్యమన్నారు. పడవలకి రంగులేసేవోణ్ణి గదా, సేసేను. సెయ్యి రాసుకునే సోట గరుకు కాగితంతో కర్ర కనిపించేదాకా రుద్దేను. ఇనప సామాన్లు ఉప్పునీళ్లలో నానబెట్టి తుప్పు పట్టించేను. సూసి మురిసిపోయేరు.

ఒక్కటి సెప్పలేదు. ఆ ఉప్పునీళ్లు మా అమ్మ సేపలు ఊరబెట్టిన నీళ్లు. పైపలక తీసి, కింద కర్రకీ మూడు వారాలు అవే పట్టించేను. సల్లగా ఉంటే వాసన తెలీదు. గిటారు సంచిలో కర్పూరం కూడా ఏసేను. స్టేజీ లైట్లకి వేడెక్కితే మాత్రం కంపు లేస్తాది.

అరసవల్లిలో మీ పక్కన పాడతన్న పిల్లని, మైకు దగ్గర సేపల కంపు కొడతందని అందరి ముందూ కిందకి దించేసేరు, గురుతుందా? ఆ ఉష నా సెల్లి. ఆ రోజు నుంచి అది ఇంట్లో కూడా పాడలేదు.

ఏటి బాబూ, ఆదివారం ఎవరెవరు ముక్కు మూసుకున్నారు? మా ఉషది సబ్బుతో పోయే వాసన. మీ గిటారుది కర్రలోకి దిగిపోయింది.

ఇట్లు,
ఉష అన్న