మావాడికి నచ్చే పాట

జూన్ 3, మంగళవారం

ఇవాళ రేడియోలో ఒక పాట విన్నాను. ఏ భాషో తెలియదు. పాడేది ఆడమనిషి, గొంతు బొంగురు. పక్కన ఒకటే తీగ వాయిద్యం. మధ్యమధ్యలో ఎవరో ఖాళీ బిందె మీద వేళ్ళతో కొడుతున్నట్టు చప్పుడు. దిండు గలీబుల మీద ఇస్త్రీ పెట్టె అలాగే ఆగిపోయింది. మాడు వాసన వస్తోంది చూసుకోమని వదిన కేక పెట్టింది. ఒక గలీబు పోయింది. సూపర్వైజర్ చూడలేదు, నయం.

వదిన అంటే సొంత వదిన కాదు. హోటల్ లాండ్రీలో నా జోడీ. ఆమెకి నేను వదిన, నాకు ఆమె వదిన. దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని లాగాలి, దులపాలి, ఎదురెదురుగా నడిచొచ్చి చేతులు కలపాలి. రోజంతా అదే. పొద్దున్న పోట్లాడుకున్నా సరే, కలపాల్సిందే.

ఆ పాట పెట్టింది మధ్యాహ్నం మూడింటికి వచ్చే రేడియో అమ్మాయి. ప్రోగ్రామ్ పేరు ఇదోసారి వినండి. ఎవరూ వినని పాటలు ఎక్కడెక్కడినుంచో ఏరుకొస్తుంది. ఇదివరకైతే విసుక్కునేదాన్ని. తెలిసిన పాటలు చాలవా అని.

ఇప్పుడు ఆ తెలిసిన పాటలే వద్దు. మావాడు చలికాలంలో పోయాడు. బండి మీద పనికి వెళ్తుంటే లారీ గుద్దింది. పాత పాట ఏది మోగినా అందులో వాడుంటాడు. ఒకటి వాణ్ణి జోకొట్టినప్పటిది. ఒకటి వాడు బడి ఎగ్గొట్టి దొరికిపోయిన రోజు పక్కింట్లో మోగింది. ఇవాళ్టి పాటలో వాడు లేడు. వాడికి అది తెలియనే తెలియదు. అందుకే చివరిదాకా వినగలిగాను.

జూన్ 4, బుధవారం

మళ్ళీ పెడుతుందేమోనని చూశాను. పెట్టలేదు.

జూన్ 6, శుక్రవారం

పెట్టింది. ఎవరో ఫోన్ చేసి అడిగారట. సంతోషించాల్సింది పోయి, ఎవరు వాళ్ళు అనిపించింది. నా వంటగదిలోకి చెప్పులతో వచ్చినట్టు.

ఇంటికొచ్చి ఈయనకి ఆ పాట నోటితో వినిపించబోయాను. బొంగురు గొంతు బాగానే వచ్చింది, బిందె చప్పుడు రాలేదు. గిన్నె తెచ్చి బోర్లించి కొట్టాను. ఆయన కాసేపు చూసి, పోనీలే, నీకు ఏదో ఒకటి నచ్చింది అన్నాడు. తర్వాత బయటికి వెళ్ళి చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డాడు.

జూన్ 9, సోమవారం

పొద్దున్నే వదిన ఫోన్ మోగింది. నా పాట.

మా వదినకి నచ్చిన పాట ఇలా ఉంటుందని ఇంట్లో చెప్పిందట. కూతురు నిమిషంలో వెతికి పట్టుకుని ఫోన్ రింగ్‌కి పెట్టేసిందట. అత్త టేస్ట్ అదిరింది అన్నదట. వదిన ఇవన్నీ మురిసిపోతూ చెబుతోంది, నాకు మేలు చేసినట్టు.

వాళ్ళింట్లో వెతికిపెట్టే పిల్ల ఉంది. అది నాకు తెలియనిదా. కానీ ఆ పిల్ల రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేస్తుందో ఇవాళే తెలిసింది. తిన్నావా అమ్మా, బస్సెక్కాను అమ్మా, తాళం ఎక్కడ పెట్టావు అమ్మా. ప్రతిసారీ నా పాటే. ఈ పాటలో ఎవరూ లేరనుకున్నాను. ఇప్పుడు దాంట్లో వదిన కూతురు వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

దుప్పటి లాగిన లాగుడికి వదిన చేతిలోంచి జారిపోయింది. ఏంటి వదినా, గాలిపటం ఎగరేస్తున్నావా అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

జూన్ 10, మంగళవారం

ఆ పిల్ల మంచిదే. చెడ్డదైతే ఇంత మండేది కాదు.

జూన్ 14, శనివారం

శనివారం రేడియో అమ్మాయి ఫోన్లు తీసుకుంటుంది. ఇంట్లో ఒక మనిషి గురించి చెప్పాలి. ఎలాంటి వాళ్ళు, ఏం చేస్తారు, ఏం వింటారు. అంతా విని, అయితే వాళ్ళకి ఇది నచ్చుతుంది అని ఒక పాట పెడుతుంది. చాలావరకు గురి తప్పదట.

ఇవాళ వదినకి లైన్ కలిసింది. మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడింది. మేం ఇక్కడ రేడియోలో విన్నాం. మా అమ్మాయి నిద్రలో కూడా తల ఊపుతుందండీ, దిండు ఒక పక్కకి నలిగిపోయి ఉంటుంది అని చెప్పింది. రేడియో అమ్మాయి పడీపడీ నవ్వింది. ఒక పాట పెట్టింది, సన్నటి గొంతులు నాలుగైదు కలిసి పాడేది. బాయిలర్ దగ్గరాయన చప్పట్లు కొట్టాడు. మన లాండ్రీ పేరు నిలబెట్టావమ్మా అన్నాడు.

వదిన వెలిగిపోతూ లోపలికొచ్చింది. నన్ను చూడగానే మొహం సర్దుకుంది. ఆ సర్దుకోవడం చూశాక ఇంకా కాలింది. నా ముందు నవ్వడానికి భయపడుతున్నారు జనం. నవ్వుకోండి. నేనేమన్నా అడ్డమా.

అడ్డమే. ఆ పాట నాకు బాగోలేదని చెప్పాను. నిజానికి బాగుంది.

జూన్ 15, ఆదివారం

పైవాటాలో ఆవిడ కొడుకుని తిడుతోంది. సౌండ్ తగ్గించు, చెవులు తూట్లు పడుతున్నాయి, నా కడుపున ఎలా పుట్టావురా అని. ఎంత హాయిగా తిడుతోందో.

జూన్ 21, శనివారం

అక్షరాలు ఎటో పోతున్నాయి.

మూడింటికి ముందే దుప్పట్ల స్టోరులోకి వెళ్ళి తలుపేసుకుని ఫోన్ చేశాను. చాలాసేపు చేశాను. కలిసింది. నా కోసమే ఒక పాట అడుగుదామనుకున్నాను, దేవుడి సాక్షిగా అంతే అనుకున్నాను. రేడియో అమ్మాయి, చెప్పండమ్మా, ఎవరికి కావాలి పాట అంది. నోరు దానంతట అదే మా అబ్బాయికి అంది.

ఏం చేస్తాడు అంది. ఏసీలు బిగిస్తాడు అన్నాను. ఎండాకాలం దొరకడన్నమాట అంది. దొరకడమ్మా, అర్ధాకలితోనే పరిగెడతాడు అన్నాను. ఏం వింటాడు అంది.

అక్కడ ఆగిపోయాను. వాడివన్నీ చెవుల్లోనే. ఆ రెండు తీగలు పెట్టుకుని తల ఊపుకుంటూ తిరిగేవాడు. లోపల ఏం మోగుతోందో ఎవరికి తెలుసు. చివరికి అదే చెప్పాను. చెవుల్లో పెట్టుకుంటాడమ్మా, నాదాకా రావు అని. రేడియో అమ్మాయి నవ్వేసి, అన్ని ఇళ్ళల్లోనూ ఇదే గొడవమ్మా అంది.

అన్ని ఇళ్ళల్లోనూ అంది. మా ఇల్లు కూడా లెక్కలోకి వచ్చింది. వదిన ఇల్లు, పైవాటా ఇల్లు, మా ఇల్లు. ఇంక నోరాగలేదు. అటక అంచు తలకి కొట్టుకుంటుందని వంగి నడవమంటే, వంగడం మర్చిపోయి రోజూ కొట్టుకుంటాడని, విప్పిన చొక్కా విప్పిన చోటే ఉంటుందని, పిలిస్తే మూడో కేకకి గానీ పలకడని చెప్పాను. కోపంగా చెప్పాను. ఆ కోపం ఎంత బాగుందో. ఆ అమ్మాయి ఒక పాట చెప్పింది. బాకాలు, డ్రమ్ములు, కుర్రాళ్ళ అరుపులు. అబ్బాయికి వినిపించి, నచ్చిందో లేదో వచ్చే శనివారం చెప్పాలి మరి అంది. అలాగే అన్నాను.

తలుపు తీసుకుని బయటికొచ్చాను. ఆ పాటే మోగుతోంది గదిలో.

రేడియో. ఇక్కడ రేడియో ఉంటుందన్నదే బుర్రకి తట్టలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఆ అమ్మాయికి, నాకు మధ్య మాట అనుకున్నాను. వీళ్ళంతా మావాణ్ణి సాగనంపడానికి వచ్చినవాళ్ళే. బాయిలర్ ఆయన అప్పుడు మా ఆయన్ని పట్టుకుని నిలబెట్టాడు. ఇవాళ నావైపు చూడకుండా మీటర్ అద్దం తుడుస్తున్నాడు.

వదిన బుట్టలోంచి దుప్పటి తీసి ఒక కొస నావైపు చాపింది. పట్టుకున్నాను. లాగాం, దులిపాం, నడిచాం. నా వైపు అంచు వంకరగా వచ్చింది. ఆమే సరిచేసింది.

జూన్ 23, సోమవారం

వదిన ఫోన్‌లో ఇప్పుడు మామూలు గంట మోగుతోంది. నా పాట ఏదని అడిగాను. అది పాతబడిపోయిందట, మా పిల్లే తీసేసింది అంది. వదినకి అబద్ధమాడటం చేతకాదు, మెడ ఎర్రబడుతుంది. తీసెయ్యమని ఆమే చెప్పి ఉంటుంది. పిల్ల తీసేసి ఉంటుంది.

చెప్పగానే విన్నదన్నమాట. దానిమీద కూడా మండింది నాకు. ఏం మనిషినో.

జూన్ 26, గురువారం

ఇవాళ పెద్ద దుప్పట్లు. నావైపు నడిచి వస్తూ, తల ఎత్తకుండా, శనివారం పెట్టిన బాకాల పాట మా పిల్లకైతే తెగ నచ్చింది, మీవాడి సంగతేంటి అంది వదిన.

దుప్పటి మా ఇద్దరి మధ్యా వేలాడుతోంది. ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. కాదు. కూర ఎలా కుదిరింది అని అడిగినట్టే అడిగింది. ఆ గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడుతోందో, దుప్పటి అంచు వణుకులో తెలిసిపోతోంది.

మీ అమ్మాయికి నచ్చేవన్నీ మావాడికి నచ్చాలనేముంది అన్నాను.

అబ్బో, మీవాడివి బంగారపు చెవులు మరి అంది.

ఆమెని కొట్టాలనిపించింది. ఆమె కాళ్ళమీద పడాలనిపించింది. చేతులు కలిపి దుప్పటి ఇచ్చేశాను.

జూన్ 28, శనివారం

మూడింటికి వదిన రేడియో ఆపేయించింది. నంబర్ ఆమే కలిపి ఫోన్ నా చేతిలో పెట్టి, తన దుప్పట్లు తను చూసుకుంది. రేడియో అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఏమన్నాడమ్మా మీ అబ్బాయి అంది.

నచ్చలేదట అన్నాను. ఇంకొకటి చెప్పమన్నాడు.