ఫోర్కులకు నలుపు

నవంబర్ 1, శనివారం

ఇవాళ బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు రెండూ ఊడదీశాను. యూట్యూబ్‌లో ఎవడో నలభై నిమిషాల్లో చేశాడు. నాకు ఐదు గంటలు పట్టింది. ఇంజన్ కింద ఇటుకలు పేర్చి, ముందు చక్రం తీసి, బ్రేక్ కాలిపర్‌ని తీగతో హ్యాండిల్‌కి వేలాడదీసి, బోల్టుకో తిట్టు చొప్పున లాగించాను. మా ద్వారక సొసైటీ పార్కింగ్‌లోంచి వెళ్ళే ప్రతి అంకులూ ఆగి, మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా అన్నాడు.

ఇవ్వొచ్చు. కానీ ఈ పని నేనే చేయాలి. వెండి రంగు ఫోర్కులకి మ్యాట్ బ్లాక్ వేస్తాను. బండి మొహం మారితే ఇంద్రజ మళ్ళీ ఎక్కుతుందేమోనని ఆశ. పెళ్ళయిన ఈ మూడేళ్ళూ రోజూ పొద్దున నా వెనక కూర్చునే మెట్రో స్టేషన్‌కి వచ్చేది. సెప్టెంబర్ 27 సాయంత్రం ఇద్దరం పడ్డాం. తన ఎడమ మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఈ-రిక్షాలో వెళ్తోంది. బండి వైపు చూడటం కూడా లేదు.

ఎలా పడ్డారని అందరూ అడిగారు. కుక్క అడ్డం వచ్చిందని చెప్పాను.

కుక్క రాలేదు. గేటు ముందు మలుపులో, హ్యాండిల్‌కి బిగించిన ఫోన్ వెలిగింది. మేనేజర్ మెసేజ్. ఒక్క క్షణం చూశాను. తలెత్తేసరికి డివైడర్. హాస్పిటల్లో డాక్టర్ అడిగితే కుక్క అనే మాట దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను.

నవంబర్ 2, ఆదివారం

ఫోర్కుల్ని పాత పేపర్లో చుట్టి ఆటోలో మునిర్కా తీసుకెళ్ళాను. పెళ్ళికి ముందు అక్కడ అద్దె గదిలో ఉన్నప్పటి నుంచి ఇర్ఫాన్ భాయ్ నా మెకానిక్. ఆయిల్ వంపేసి, లోపలి క్రోమ్ పైపుల్నీ కింది అల్యూమినియం గొట్టాల్నీ విడదీశాడు. పైపుల్ని అద్దం పలక మీద దొర్లించి, వంగలేదని తేల్చాడు. రంగు కింది గొట్టాలకే వెయ్యాలట. క్రోమ్ మీద చుక్క పడి ఎండినా సీలు పాడైపోయి ఆయిల్ కారుతుందట. అందుకని పైపులు తన దగ్గరే ఉంచుకున్నాడు. నా పనితనం మీద ఆయనకున్న నమ్మకం అది.

తర్వాత కుడి గొట్టం మీద ఉన్న పెద్ద గీతని గోటితో గీకాడు. పసుపు పొడి రాలింది. డివైడర్ అంచుకి వేసే పెయింట్. ఆయన దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, నన్ను చూశాడు.

"కుత్తే పర్ పీలా పెయింట్ నహీఁ హోతా, భయ్యా."

కుక్క ఒంటి మీద పసుపు పెయింట్ ఉండదని. అంతే అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఇంకేమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

నవంబర్ 5, బుధవారం

కుక్క సంగతి కూడా రాసుకోవాలి. దాని పేరు వడియం. ఎప్పుడు చూసినా గేటు పక్కన ఎండలో పడి ఉంటుందని ఇంద్రజ పెట్టిన పేరు. గార్డులు వాడియమ్ అంటారు. మేం పడ్డప్పుడు అందరికన్నా ముందు అదే పరిగెత్తుకొచ్చి ఇంద్రజ మొహం నాకింది. జనం వచ్చేసరికి రోడ్డు మీద మేమిద్దరం, పక్కన అది. ఇంకేం కావాలి, అందరూ నమ్మేశారు. వెనక కూర్చుంది కాబట్టి ఇంద్రజ కూడా నమ్మింది.

అంతకు ముందు రోజూ దానికి రెండు రొట్టెలు వేసేది. ఆ రోజు నుంచి మానేసింది. తన చేతి తిండి తిన్నదే తన చెయ్యి విరగ్గొట్టిందని వరంగల్‌లో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్‌లో చెప్తుంటే విన్నాను. నేను పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. లేచి వెళ్ళలేదు.

నవంబర్ 8, శనివారం

పొద్దున ఇంద్రజ కట్టు విప్పారు. చెయ్యి సన్నబడిపోయింది. పాత గాజు వేసుకుని చూసి, జారిపోతుంటే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం బాల్కనీలో సాండ్‌పేపర్ పట్టాను. ముందు గరుకుది, 220 నంబరు, తర్వాత సన్నది, 400. ఎడమ గొట్టం అయిపోయింది. కుడి గొట్టం చుట్టూ అంతా రుద్దాను, ఆ పసుపు గీత ఒక్కటీ వదిలేసి. అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత రుద్దేశాను. పది నిమిషాల్లో పోయింది. అంత తేలిగ్గా పోతుందనుకోలేదు.

నవంబర్ 9, ఆదివారం. మధ్యాహ్నం 3

రెండు పూతలు ప్రైమర్, ఒక పూత నలుపు. ఈ చలికి ఎండదని ఇంద్రజ హెయిర్ డ్రయ్యర్ పట్టాను. బాల్కనీ కడ్డీకి వేలాడుతున్నాయి రెండూ. బాగున్నాయి.

స్ప్రే వాసన పట్టుకుని మా సొసైటీ సెక్రటరీ జనార్దనరావు అంకుల్ వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ళు సెంట్రల్ గవర్నమెంట్‌లో చేసి రిటైరయ్యారు. ఇప్పుడు సొసైటీకి ఫైళ్ళు తయారుచేస్తున్నారు. పొల్యూషన్ పెరిగింది కాబట్టి పెయింటింగ్ పనులన్నీ బంద్ అని నోటీసు చూపించారు. రెండు గొట్టాలే అంకుల్ అన్నాను. సరే, నేను చూడలేదనుకుంటాను గానీ ఈ కాగితం మీద ఒక సంతకం పడెయ్యి అన్నారు.

వడియం మీద ఫిర్యాదు. ఫలానా తేదీన నా బండి మీద పడి ప్రమాదం చేసిందని ఉంది. మామూలుగా అయితే మున్సిపాలిటీ వ్యాన్ వాళ్ళు కుక్కల్ని తీసుకెళ్ళి ఆపరేషన్ చేసి మళ్ళీ ఇక్కడే వదిలేస్తారట. మనుషుల మీద పడ్డదని రాతలో ఉంటే మాత్రం తిరిగి తీసుకురారట.

సంతకం పెట్టాను. వేలికి ఇంకా నలుపు ఉంది. సంతకం పక్కన వేలిముద్ర కూడా పడింది. ఏం పర్లేదు, ఇంకా గట్టిగా ఉంటుంది అన్నారు అంకుల్.

సాయంత్రం 6

నేను పిరికివాడిని.

నవంబర్ 11, మంగళవారం

గురువారం వ్యాన్ వస్తుందని సొసైటీ గ్రూపులో మెసేజ్. కింద నా ఫిర్యాదు ఫొటో. పద్నాలుగు థంబ్స్ అప్. నేను పెట్టలేదు. అదేదో పెద్ద త్యాగం అయినట్టు.

నవంబర్ 12, బుధవారం. ఉదయం 7.30

నిద్ర పట్టలేదు. ఆరున్నరకే అంకుల్ తలుపు కొట్టాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. నోటితో చెప్తే కుదరదు, కారణంతో సహా రాసివ్వాలన్నారు. వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాశాను. కుక్క రాలేదు, నేను ఫోన్ చూస్తూ డివైడర్‌ని గుద్దాను, తప్పు నాది, జశ్వంత్. నాలుగు లైన్లు. ఇన్ని రోజులు మోసింది ఈ నాలుగు లైన్లే.

అంకుల్ చదివి కళ్ళజోడు తీశారు. కాగితాన్ని ఫైల్లో పెట్టారు.

"ఫిర్యాదు గ్రూపులో పెట్టాం కాబట్టి ఇదీ పెట్టాలి బాబూ. తొమ్మిదింటికి పెడతాను. ఈలోగా అమ్మాయికి నువ్వే చెప్పు."

ఆయన్ని ఇన్నాళ్ళూ వెక్కిరించినందుకు సిగ్గేసింది.

ఉదయం 9.15

చెప్పాను. వంటింట్లో రొట్టెలు చేస్తోంది. స్టవ్ కట్టేసి విన్నది. ఫోన్ సంగతి, డివైడర్ సంగతి, సంతకం సంగతి, అన్నీ. సారీ కూడా చెప్పాను. అది ఎంత చిన్న మాటో చెప్పాక తెలిసింది.

తన చెయ్యి గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"నలభై ఆరు దినాలు దానికి ఒక్క రొట్టె ముక్క ఎయ్యలే నేను. గేటు కాడ నన్ను చూసి తోక ఊపుకుంట లేస్తుండె. మొఖం తిప్పుకొని పోయిన జశ్వంత్. నాతోని గా పని చేయించినవ్."

చేసిన రొట్టెలన్నీ డబ్బాలో వేసుకుని కిందకి వెళ్ళింది. బాల్కనీలోంచి చూశాను. వడియం మొదట దగ్గరికి రాలేదు. ఇంద్రజ నేల మీద కూర్చుంది. ఆఫీసు బట్టల్లో ఉంది, అయినా అలాగే కూర్చుంది. కాసేపటికి అది దగ్గరికి వచ్చింది. నా ముందు రెండు నల్ల గొట్టాలు వేలాడుతున్నాయి. వాటిని చూడబుద్ధి కాలేదు.

నవంబర్ 13, గురువారం

వ్యాన్ వచ్చింది. వడియం చెవి చివర ఇదివరకే కత్తిరించి ఉంది, అంటే ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిందట. ఫిర్యాదు లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. అక్కడే ఉన్నాను, చూశాను. వ్యాన్ వెళ్ళాక గార్డు కుర్చీలో కూర్చున్నాను.

గ్రూపులో ఒక ఆంటీ నన్ను లయర్, అబద్ధాలకోరు అంది. నిజమే కదా అని థంబ్స్ అప్ పెట్టాను.

నవంబర్ 16, ఆదివారం

ఇర్ఫాన్ భాయ్ స్వయంగా పైపులు, కొత్త సీళ్ళు పట్టుకుని వచ్చాడు. ఇద్దరం కలిసి బిగించాం. రంగు ఫస్ట్ క్లాస్ అన్నాడు. ఒకచోట నలుపు కారి గడ్డ కట్టింది. దాన్ని చూశాక కూడా అదే మాట అన్నాడు. ఆయనకి నిజం చెప్పానని చెప్పాను. అచ్ఛా కియా, మంచి పని చేశావు అని ఆయిల్ కొలుచుకుంటూ ఉండిపోయాడు.

ఇంద్రజ అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. పాలు అయిపోయాయి, గీజర్ ఆపు, అలాంటివి. వడియానికి మూడేసి రొట్టెలు వేస్తోంది. బండి మొహం మారిస్తే సరిపోతుందనుకున్న మనిషిని తలుచుకుంటే నాకే చిరాకుగా ఉంది. హ్యాండిల్ మీది ఫోన్ హోల్డర్ పీకేశాను.

నవంబర్ 20, గురువారం

ట్రయల్. పాలం దాకా వెళ్ళొచ్చాను. ఒక్కణ్ణే. ఫోర్కులు మెత్తగా దిగుతున్నాయి, చుక్క ఆయిల్ కారడం లేదు.

నవంబర్ 24, సోమవారం. ఉదయం 8.20

బండి తుడుస్తుంటే ఇంద్రజ కిందకి వచ్చింది. బండి సెంటర్ స్టాండ్ మీద ఉంది. ఎడమ చెయ్యి నా భుజం మీద ఆనించి వెనక సీటు ఎక్కింది. స్టార్ట్ చెయ్యొద్దంది. చెయ్యలేదు. ముందు సీటు ఖాళీగానే ఉంది. నేను పక్కన నిలబడ్డాను. పదకొండు నిమిషాలు కూర్చుంది. తర్వాత దిగి, ఈ-రిక్షా ఎక్కి మెట్రోకి వెళ్ళింది.