నోటికి గుడ్డ లేని నవ్వు

హైదరాబాద్,
శుక్రవారం

అమ్మకు,

నీ కాళ్లకు దండం పెట్టి జ్యోతి రాస్తున్నది. ఒంట్లో నేను బాగానే ఉన్నాను. నువ్వు, తమ్ముడు, మిర్చి షెడ్డులో మనవాళ్లందరూ క్షేమమేనని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటని నా గదిలో ఉండే దీప్తి ఆటపట్టిస్తుంది. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావనీ, నేను నిన్నడిగినదానికి తొడిమలు తీసే వాళ్లంతా తలా ఒక జవాబు చెబుతారనీ దానికేం తెలుసు? ఈసారి రాసింది మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

ముందు నువ్వడిగినవి చెబుతాను. అన్నం తింటున్నాను. హాస్టల్ పచ్చడికి రంగే తప్ప కారం లేదు, నువ్వు పంపిన గోంగూరతోనే ముద్ద దిగుతోంది. జుట్టు రాలడం తగ్గలేదు. తమ్ముడికి ఇక్కడ పని చూడమన్నావు; వాణ్ణి ముందు డిగ్రీ గట్టెక్కమను. ఫోన్లో కొత్త బొమ్మ గీసి ఎందుకు పెట్టడం లేదన్నావు. అది తర్వాత చెబుతాను.

బసవమ్మత్త తను టీవీలో ఎప్పుడొస్తానని అడుగుతోందనీ, ఎదురింటివాళ్లకు కూడా చెప్పేసిందనీ రాశావు. ఈ ఆదివారం కాక పై ఆదివారం పొద్దున మొదటి భాగం వేస్తారు. అందులో అత్త ఉంది. కానీ అది మన అత్త కాదు.

మన షెడ్డు మేస్త్రీ మీద నేను గీసిన బొమ్మ గుర్తుందా? అందరి ఫోన్లలోకీ పాకి ఈ కార్టూన్ కంపెనీవాళ్లను నా దగ్గరికి తెచ్చింది అదే. మొదటి గడిలో మేస్త్రీ వచ్చి, నన్ను మీలో ఒకణ్ణి అనుకోండి అంటాడు. రెండో గడిలో ఎవరూ మాట్లాడరు. మూడో గడిలో అత్త కాస్త జరిగి చోటిచ్చి, మిరపకాయల కుప్ప అతని ముందుకు తోస్తుంది. నాలుగో గడిలో అతని కళ్ల నిండా నీళ్లు, గుడ్డలు కట్టిన మీ నోళ్లు, ఊగుతున్న మీ భుజాలు. అంతే. అందులో నా తెలివేం లేదు, అత్త నిజంగా చేసిన పనే గీశాను.

దాన్ని పదకొండు నిమిషాలు చేశారమ్మా. మేస్త్రీ కుప్ప మీద పడతాడు, కుక్క తరుముతుంది, కాయలు లాగులో దూరతాయి. పోనీలే, అంతసేపు నడవాలంటే ఏదో ఒకటి పొయ్యాలి, ఆ మాత్రం నాకూ తెలుసు. ఆ కుక్కను రాసింది నేనే. కానీ మీ నోటి గుడ్డలు తీసేశారు. డైరెక్టర్ శివరామకృష్ణ గారు నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గానే చెప్పారు.

"నోరు కనపడకపోతే ఇంక నవ్వెక్కడుందమ్మా?"

ఆ షెడ్డులో నోరు తెరిచి నవ్వితే ఘాటు గొంతులోకి దిగుతుందని చెప్పాను. అందుకే మావాళ్లు కళ్లతో, భుజాలతో నవ్వుతారని, జోకైనా గుడ్డ చాటు నుంచి ఒక్క ముక్కలో తేల్చేస్తారని, నా బొమ్మలు నాలుగు గళ్లలో అయిపోయేది అందుకేనని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. బాగుంది, వాడుకుందాం అన్నారు. అర్థమైందనుకుని పొంగిపోయాను.

ఎలా వాడుకున్నారో మొన్న వేసి చూపించారు. అత్త నోరంతా తెరిచి నవ్వుతుంది. ఘాటు పీల్చి దగ్గు మొదలుపెడుతుంది. దగ్గి దగ్గి వెల్లకిలా పడుతుంది. చుట్టూ మీరందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నువ్వు కూడా నవ్వుతావు. నిన్ను ఆ ఆకుపచ్చ చీరతో సహా దించేశారు. జనానికి అలవాటు కావడానికి ప్రతి భాగంలోనూ ఒకసారి ఆ దగ్గు పెడతారట.

మన దగ్గర ఎవరికైనా దగ్గొస్తే ఏం జరుగుతుందో నీకు చెప్పాలా? చేతులన్నీ ఆగిపోతాయి. నీళ్ల సీసా ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి వెళుతుంది. మాబూబీ పిన్ని వీపు రాస్తుంది. ఆ మనిషి తేరుకునేదాకా ఎవరూ కాయ ముట్టుకోరు. మీరు మేస్త్రీని వదలరు, మొగుళ్లను వదలరు, పోయినవాళ్లను కూడా వదలరు. దగ్గు మీద మాత్రం ఒక్కరూ జోకు వెయ్యగా నేను వినలేదు. వీళ్లకు నవ్వుకోవడానికి సరిగ్గా అదే దొరికింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆఫీసు గదిలో చూస్తున్న వాళ్లందరూ నవ్వుతూనే ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆవిడ అలా పడిపోతే మా అమ్మ నవ్వదండీ."

"అది మీ అమ్మ కాదు కదమ్మా, పాత్ర," అన్నారాయన. మర్యాదగానే అన్నారు.

అయితే ఆ చీర తీసేయండి, బసవమ్మ అన్న పేరు తీసేయండి అన్నాను. గొంతు పెరిగే ఉంటుంది, నీ కూతుర్నేగా. సాయంత్రానికి నన్ను ఆ పనిలోంచి తప్పించారు. ఆదివారం అత్త ఎదురింటివాళ్లను పిలిచి మరీ టీవీ ముందు కూర్చుంటుంది. వేసే రోజు మారిందని చెప్పి చూడు. ఎన్నాళ్లో ఆగదని నాకూ తెలుసు, ఎవరో ఒకరు ఫోన్లో చూపిస్తారు. కనీసం ఆ వేళకు నువ్వు పక్కన ఉండు.

ఇక కొత్త బొమ్మ సంగతి. పనిలో తీరిక లేదని ఇన్నాళ్లూ నీతో అబద్ధం చెప్పాను. ఆ షెడ్డునూ అందులోని మనుషులనూ ఇక నేను గీయకూడదమ్మా. కంపెనీకి అలా సంతకం పెట్టాను. చదవకుండా పెట్టానని తమ్ముడు తిడతాడేమో, చదివే పెట్టాను. అది గీసేసిన బొమ్మల గురించే అనుకున్నాను. గీయబోయేవాటి గురించి కూడా అని తట్టలేదు. మీరందరూ టీవీలో కనపడతారన్న సంబరంలో ఉన్నాను.

నిన్న బస్సులో నువ్వు గుర్తొచ్చి ఫోన్లోనే నీ బొమ్మ గీశాను. నోటికి గుడ్డ, పైన రెండు కళ్లు, అంతే, జోకేమీ లేదు. దీప్తి కూడా మా కంపెనీలోనే రంగులు వేస్తుంది. అది చూసి, ఎక్కడా పెట్టకు, నోటీసు పంపుతారు అంది. కన్నతల్లి మొహం గీసుకోవాలన్నా అనుమతి కావాలట. సిగ్గు విడిచి కంపెనీని అడిగాను కూడా. అమ్ముకోను, నలుగురికీ చూపించను, మా అమ్మ ఒక్కదానికే పంపుకుంటానని రాశాను. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
నీ కూతురు
నాగజ్యోతి