ఎండ ఉంది

ఫిబ్రవరి 26, గురువారం
యుద్ధంలో మా సరుకు ఓడ మునిగింది మా అన్న దీపం వల్లనట. మాతో ఓడలో పనిచేసిన అప్పన్నది ఇన్నేళ్లుగా ఇదే కూత. అన్న ఓడలో వంటవాడు. కెప్టెన్ దీపాలు ఆర్పమన్నా, చీకటి పడ్డాక వంటగదిలో గంగమ్మకు చిన్న దీపం పెట్టేవాడు. అది నిజం. అది చూసే శత్రువు సబ్‌మెరైన్ కొట్టిందట... అది అబద్ధం. దెబ్బ తగిలినప్పుడు ఎండ ఉంది. అన్న రాత్రి వంటకు బియ్యం కడుగుతున్నాడు. ఎండలో దీపం ఎవడికి కనబడుతుంది?
ఈది ఒడ్డుకు చేరింది నేను, అప్పన్న. అంతే. నేను చెబితే — తమ్ముడు కదా, వెనకేసుకొస్తాడు అంటారు.

ఫిబ్రవరి 28, శనివారం
ఇంద్రేశంలో అన్న మనవడు రాజు ఇల్లు కట్టాడు. శుక్రవారం గృహప్రవేశం. మొదటి దీపం వదిన పెట్టాలంటాడు. ఆ మాట పడ్డప్పటి నుంచి ఆవిడ దీపం ముట్టించలేదు. ఇంట్లో కోడలే పెడుతుంది.
"నా సెయ్యి వొద్దు నాయనా. మీ తాత దీపం ఏటి సేసిందో ఇన్నావు కదా."
"నానమ్మా, గదెప్పటి ముచ్చట! జెర నువ్వే పెట్టరాదే."
వినదు. నాతో మాత్రం — "అది అబద్ధమని ఆ అప్పన్న నోటంట రావాల బాబూ." లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 1, ఆదివారం
మోకాళ్ల నొప్పి. అప్పన్న దగ్గరికి వెళ్లలేదు.

మార్చి 2, సోమవారం
పటాన్‌చెరు వెళ్లాను. అప్పన్న టీవీ ముందు.
"ఏటిరా, దారి తప్పినావా? కూకో."
కూర్చోలేదు. "ఆ పూట ఎండ ఉందా, లేదా?"
"గురుతు నేదు. సచ్చినోడి గొడవ ఇప్పుడెందుకురా?"
"వదిన బతికే ఉంది... కాపలా ఎవడిది ఆ పూట?"
టీవీ గొంతు పెంచాడు.
కాపలా వాడిదే. కునుకు తీశాడో, చూసి నోరు పెగల్లేదో — తెలియదు. దానికి వాణ్ణి ఏనాడూ ఒక్క మాట అనలేదు. నీళ్ల కింద ఉన్నవాడు ఎవడికి మాత్రం కనబడతాడు? కానీ అన్న మీద ఎందుకు వేశాడు?

మార్చి 3, మంగళవారం
వదిన పాత ఇత్తడి దీపపు కుంది తోముతోంది.

మార్చి 4, బుధవారం
మళ్లీ వెళ్లాను. గుమ్మం దాటలేదు. "రేపు పొద్దు గుంకేలోపు మా వదిన ముందుకొచ్చి ఎండ ఉందని చెప్పు. కాపలా మాట నాతోనే పోతుంది. రాకపోతే, శుక్రవారం అందరి ముందూ ఎత్తుతాను."
"నా మనవల ముందా?"
"మా అన్న మనవల ముందు నువ్వు అనలేదా?"
తలుపు వేసుకున్నాడు.
వేసుకో. రేపు గురువారం. పొద్దు గుంకేలోపు నాకు జవాబు కావాలి — ఎండ ఉందా, లేదా?